మిద్దె మీద టమాటా – మూడో పాఠం: ముందుగా కాసే రకాన్ని పట్టుకోవడం

కుండీ, మట్టి, ఎండ తగిలే చోటు అయిపోయాయి. ఇక విత్తనం. విశాఖలో మిద్దె తోట మొదలుపెట్టే ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: అన్నిటికంటే ముందు కాసే టమాటా ఏది?

సూటిగా చెప్తాను. చెర్రీ టమాటా. దాని తర్వాత పూసా రూబీ. అయితే ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకుంటే పాఠం పూర్తయినట్టు కాదు. మన ఊళ్ళో ఏ రకమైనా ముందు కాయాలంటే పూత ఏ నెలలో వస్తుందన్నది చాలా ముఖ్యం. అందుకే ముందు ఆ సంగతి.

టమాటా పూత పిందె కట్టాలంటే రాత్రి చల్లబడాలి. రాత్రి వేడి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే మొక్కకు హాయి. 24 దాటితే పుప్పొడి దెబ్బతిని పూలు రాలిపోవడం మొదలవుతుంది. విశాఖలో మే నెల రాత్రులు 27, 28 డిగ్రీల దగ్గర ఉంటాయి. పగలు ఎండ మరీ తీవ్రంగా లేకపోయినా, సముద్రం పక్కన కాబట్టి రాత్రి ఉక్క తగ్గదు. అప్పుడు మొక్క పచ్చగా, ఏపుగా ఉండి, పూసిన పూలన్నీ రాలుస్తుంది. డిసెంబరు, జనవరిల్లో రాత్రులు 20కి అటూ ఇటూగా దిగుతాయి. మన పూత అక్కడికి అందాలి.

కాబట్టి లెక్క వెనక నుంచి వేసుకోండి. నాటాక సుమారు నెలకు పూత వస్తుంది. నారుకు 25 నుంచి 30 రోజులు పడుతుంది. సెప్టెంబరు చివర్లో విత్తనం వేసి, అక్టోబరు నెలాఖరుకు, అంటే స్వాతి కార్తెలో నాటితే, నవంబరు చివర్లో పూత మొదలవుతుంది. ఇంకా ముందు నాటొచ్చు కదా అంటారేమో. మనకు అక్టోబరు పెద్ద వానల నెల, తుపానుల నెల. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. నారు ప్రోట్రేలో (చిన్న చిన్న గుంటలుండే నారు ట్రేలో) ఉంటే గాలి మొదలవగానే ట్రే ఎత్తి ఇంట్లో పెట్టుకోవచ్చు. నాటేసిన మొక్కలను అలా కాపాడలేం.

ప్యాకెట్ మీద ‘60 రోజులు’ అని ఉంటే విత్తిన రోజు నుంచి లెక్క పెట్టకండి. టమాటాకు ఆ అంకె మామూలుగా నారు నాటిన రోజు నుంచి చెప్తారు. నారు రోజులు కూడా కలిపితే దాదాపు మూడు నెలలు. ఇది తెలియక చాలామంది రెండో నెలలోనే మొక్కను తిట్టుకుంటారు.

ఇప్పుడు రకాలు. చెర్రీ టమాటా ఎందుకు ముందు? కాయ చిన్నది, ఊరడానికీ పండడానికీ తక్కువ రోజులు చాలు. పైగా రాత్రి కాస్త వెచ్చగా ఉన్నా పెద్ద కాయల రకాలకంటే బాగానే పిందె కడుతుంది. పప్పులోకి పులుపు కావాలంటే పూసా రూబీ వేయండి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రకం అది. నాటాక 60, 65 రోజులకు మొదటి కోత వస్తుంది. కాయ కాస్త అణిగి, గాడులు తేలి ఉంటుంది. పులుపు బాగుంటుంది. స్వాతిలో నాటితే సంక్రాంతిలోపే వంటింట్లోకి వస్తుంది.

బెంగళూరు ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్ళ అర్కా రక్షక్ ఇంత తొందరగా రాదు. కానీ ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందుగా వచ్చే ఆకుమాడు తెగులు, ఈ మూడింటినీ తట్టుకుంటుంది. కిందటేడు మొక్కలు నిలువునా వాడిపోయి ఉంటే, తొందర పక్కనపెట్టి ఇదే వేయమంటాను.

సబ్ ఆర్కిటిక్, స్టూపిస్, ఎర్లీ గర్ల్ లాంటి విదేశీ విత్తనాలు ఆన్‌లైన్‌లో ఊరిస్తుంటాయి. వీటిలో మొదటి రెండూ చలి దేశాల్లో వేసవి చిన్నదని తయారైన రకాలు. మన చలికాలంలో కాయకపోవు గానీ, ఆకుముడత వస్తే నిలబడవు. సరదాకు ఒక కుండీలో వేసుకోండి, మొత్తం మిద్దె వాటికి ఇవ్వకండి.

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సిన విద్య ప్యాకెట్ చూడకుండా మొక్కను చదవడం. బీజదళాలను, అంటే మొలకతో మొదట వచ్చే రెండు ఆకులను వదిలేసి, కింద నుంచి ఆకులు లెక్కపెట్టండి. ఆరు నుంచి ఎనిమిది ఆకుల తర్వాత మొదటి పూగుత్తి కనిపిస్తే అది ముందు కాపు మొక్క. పది, పన్నెండు దాటినా గుత్తి లేకపోతే ఆలస్యంగా కాసేదని తెలుసుకోండి. అయితే నారు నీడలో పెరిగితే ముందు కాపు రకం కూడా అదనంగా ఆకులు వేసి, ఆ తర్వాతే పూస్తుంది. ఫ్లాట్ బాల్కనీలో నారు పోసేవాళ్ళు దీన్ని మరీ గమనించాలి. మొలక వచ్చిన రోజు నుంచే ట్రేకు ఎండ చూపించండి.

పూత వచ్చాక ప్రతి పువ్వునూ దగ్గరగా చూడండి. పూకాడ మధ్యలో మోకాలిలా చిన్న కణుపు ఉంటుంది. ఆ కణుపు పసుపు తిరిగిందంటే పువ్వు అక్కడే తెగి రాలుతుంది. కణుపు పచ్చగా ఉండి, రేకులు వాడి వెనక్కి ముడుచుకుని, వాటి మధ్య గుండుసూది తలంత పచ్చటి చుక్క కనబడితే పిందె నిలిచినట్టే. ఆ చుక్కను మొదటిసారి చూసినప్పటి సంతోషం కోసమే నేను ఏటా టమాటా వేస్తాను.

టమాటా పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. పుప్పొడి రాలడానికి కదలిక చాలు. తుమ్మెద వచ్చి ఝుమ్మంటూ పువ్వును అదిలిస్తే అది జరుగుతుంది. తేనెటీగకు ఆ పని రాదు. మన తేమ గాలికి పుప్పొడి ముద్దకడుతుంది కాబట్టి, పది గంటల ప్రాంతంలో, ఎండకు పూలు ఆరాక, ఊతకర్రను వేలితో నాలుగుసార్లు తట్టండి. బీచ్ రోడ్డు దగ్గరి మిద్దెలకు గాలి చాలు, ఈ పని అక్కర్లేదు. కాకపోతే ఉప్పు గాలి నేరుగా తగలకుండా అటువైపు షేడ్‌నెట్ కట్టాలి.

యూరియా మాత్రం పూత దశలో వద్దు. ఆకు పెరుగుతుంది, కాపు వెనకబడుతుంది.

ఈసారి అభ్యాసం: చెర్రీ ఒకటి, పూసా రూబీ ఒకటి పక్కపక్కన నాటండి. ప్రతి మొక్కకూ చీటీ కట్టి నాటిన తేదీ, మొదటి గుత్తి ఎన్నో ఆకు తర్వాత వచ్చిందో, మొదటి పిందె కనబడిన తేదీ రాయండి. వచ్చే పాఠం తెల్లదోమ గురించి. ఆలోపు రోజూ రెండు మూడు ఆకులు తిప్పి అడుగున చూడడం అలవాటు చేసుకోండి.