రెండో గది కూడా అద్దెకిచ్చే ముందు

ఒక గది యాత్రికులకిచ్చి నాలుగు డబ్బులు చూశాక, పిల్లలు చదువులకెళ్ళి ఖాళీగా పడున్న రెండో గదినీ ఇద్దామనిపిస్తుంది. కోనసీమలోనూ, భీమవరం, పాలకొల్లు వైపూ ఇలా అనుకునేవాళ్ళు మంచానికీ పరుపుకీ ఏసీకీ లెక్క వేసుకుంటారు. రెండో గది బరువు అసలు పడేది నీళ్ళ మీద, కరెంటు మీద, సెప్టిక్ ట్యాంకు మీద. ఒక గదికి ఇల్లు ఎలాగో సర్దుకుంటుంది, రెండో గదికి సర్దుకోదు. ఆ మూడూ తేలాకే గది అలంకారం.

రెండు గదులకూ ఒకటే బాత్రూం ఉంటే వాటిని ఒకే కుటుంబానికి, ఒకే బుకింగ్ కింద ఇవ్వండి. ముక్కూ మొహం తెలియని రెండు కుటుంబాల చేత ఒకే బాత్రూం వాడించొద్దు. అంతర్వేదికో వాడపల్లికో వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామునే స్నానాలకు లేస్తారు, గొడవలన్నీ ఆ గంటలోనే. కొత్తగా కట్టిస్తే 7 అడుగులకు 5 అడుగులు సరిపోతుంది. తలుపు పీవీసీదే పెట్టించండి. చెక్క తలుపు మన తేమకి ఉబ్బి, వానాకాలంలో గడియ పడదు.

ఇళ్ళకు నీటి లెక్క మనిషికి రోజుకు 135 లీటర్లు. ఇంట్లో నలుగురు, గదుల్లో నలుగురు అంటే 1,080. డాబా మీద 1,000 లీటర్ల ట్యాంకే ఉంటే, కరెంటు పోయిన రోజు అందరి స్నానాలూ కాకముందే కుళాయి బుసకొడుతుంది. గదులకు విడిగా 500 లీటర్ల ట్యాంకు పెట్టించండి.

బోరు నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. సముద్రం వైపు ఊళ్ళలో ఉప్పన, కొన్నిచోట్ల ఇనుము. గాజు గ్లాసులో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పట్టినప్పుడు తేటగా ఉండి, తెల్లారేసరికి అడుగున ఎర్రటి మడ్డి చేరితే ఇనుము ఉన్నట్టే. ఆ నీళ్ళలో తెల్ల బెడ్‌షీట్లకు బ్లీచింగ్ వేస్తే ఇంకా పాడవుతాయి. నీళ్ళలో కరిగి ఉన్న ఇనుమును క్లోరిన్ తుప్పుగా మార్చి నూలుకు పట్టిస్తుంది. మరక పోలేదని మళ్ళీ బ్లీచింగ్ వేస్తారు, మరక ఇంకా ముదురుతుంది. దానికి మందు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). బకెట్ వేడినీళ్ళలో నాలుగైదు చెంచాలు కలిపి అరగంట నానబెట్టి, పంచాయతీ కుళాయి నీళ్ళతో జాడించాలి. బ్లీచింగునూ నిమ్మ ఉప్పునూ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. మంచానికి మూడు జతల బెడ్‌షీట్లు ఉండాలి: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. వానాకాలంలో రెండ్రోజులకీ ఆరవు కాబట్టి నాలుగో జత కొనుక్కోండి.

ఇక కరెంటు. 1.5 టన్నుల ఏసీ సుమారు 1.5 కిలోవాట్లు లాగుతుంది, 15 లీటర్ల గీజరు 2 కిలోవాట్లు. ఇవి రెండేసి, 1 హెచ్‌పీ మోటారు ఒకటి, అన్నీ ఒకేసారి నడిస్తే 8 కిలోవాట్లకు దగ్గర పడుతుంది. మీ బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కరెంటు వాడకం) ఎంతుందో చూసుకుని, తక్కువుంటే పెంచమని కరెంటాఫీసులో దరఖాస్తు పెట్టండి. ఏసీ, గీజరు లైన్లు పాత ప్లగ్గు పాయింట్ల నుంచి లాగనివ్వొద్దు. మెయిన్ బోర్డు నుంచి ఒక్కోదానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు) వేయించాలి. ఏసీకి 20 ఆంపియర్లు, గీజరుకు 16. వీటికి తోడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. తడి చేతులతో స్విచ్చు ముట్టుకునే కొత్తవాళ్ళ ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంది, అక్కడ పిసినారితనం వద్దు. పని అయ్యాక ఒక సాయంత్రం రెండు ఏసీలూ, రెండు గీజర్లూ, మోటారూ గంటసేపు కలిపి నడిపి, ఎంసీబీలు పడిపోతున్నాయేమో, బోర్డు వేడెక్కుతోందేమో చూడండి.

సెప్టిక్ ట్యాంకు దగ్గర డెల్టా నేల వేరు. ఇక్కడ నీటిమట్టం పైనే ఉంటుంది. వానలు పడి కాలవలు నిండాక ఇంకుడు గుంత చుట్టూ మన్ను నానిపోతుంది, ట్యాంకు నుంచి వచ్చే నీటికి పోయే దారుండదు. కమోడ్‌లో నీళ్ళు బుడగలు కొడుతూ మెల్లగా దిగితే ట్యాంకు నిండిందనుకుంటాం, కానీ ఆగస్టులో అసలు కారణం చాలాసార్లు ఆ గుంతే. అప్పుడు తోడిస్తే కొద్దిరోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. పైగా ప్లాస్టిక్ ట్యాంకయితే, ఖాళీ అయ్యాక చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి పైకి తేలిపోవచ్చు. తోడించే పని మే నెలలో పూర్తిచేసి, ఇంకుడు గుంతను పెరట్లో మెరక వైపు, బోరుకు కనీసం 50 అడుగుల దూరంలో పెట్టించండి.

కాగితాల పని తక్కువే, కానీ వాయిదా వేయొద్దు. యజమాని కుటుంబం అక్కడే ఉంటూ 6 గదుల వరకూ ఇచ్చే ఇళ్ళకు కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు పథకం ఉంది. దిగిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఫోన్ నంబరు, వచ్చిన వేళ, వెళ్ళిన వేళ రిజిస్టరులో రాయించండి. ఆధార్ చూపిస్తే మొదటి 8 అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ చాలు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా వాళ్ళ వివరాలు ఆన్‌లైన్‌లో విదేశీయుల నమోదు కార్యాలయానికి పంపాలి, మేనత్త ఇంటికి వచ్చినంత చనువుగా ఉన్నా సరే. మీ మొత్తం వ్యాపార రాబడి (టర్నోవర్) ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకూ జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. యాప్ ద్వారా వచ్చే బుకింగుల మీద ఆ పన్ను యాప్ వాళ్ళే కడతారు.

రెండో గదిని ఏడాది పొడుగునా తెరిచి ఉంచక్కర్లేదని మా అభిప్రాయం. సంక్రాంతి నాలుగు రోజులు, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, కార్తీక సోమవారాల్లో పాలకొల్లు, భీమవరం, ద్రాక్షారామం పంచారామాలు, వాడపల్లి శనివారాలు, 2027లో గోదావరి పుష్కరాలు: ఇవి చాలు. సంక్రాంతికి కనీసం రెండు రాత్రులు, సగం అడ్వాన్సు అని ముందే చెప్పండి. ఖాళీగా ఉన్న వారాల్లో గది మూసేస్తే పరుపు బూజు వాసన కొడుతుంది. వారానికోసారి కిటికీలు తెరిచి, పరుపు నిలబెట్టి, ఫ్యాను రెండు గంటలు తిప్పండి.

వరద రోజులకు మాత్రం నియమం ముందే రాసి ఉంచుకోండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది ఇచ్చిన రోజే, ఆ వారం రావాల్సిన వాళ్ళకు ఫోన్ చేసి తేదీ మార్చుకుంటారో, డబ్బు వెనక్కి కావాలో అడగండి. వెనక్కంటే కోత లేకుండా పూర్తిగా ఇచ్చేయాలి. మీది లంక ఊరైతే, కనకాయలంకలోలా దారిలో కాజ్‌వే (వరదకు మునిగే, ఎత్తు తక్కువ దారి) ఉంటే, అప్పటికే దిగి ఉన్నవాళ్ళను నీళ్ళు కాజ్‌వే ఎక్కకముందే, పగటి వెలుగులో దాటించండి.