పాత వాల్వు రేడియోకు సరిపడే స్క్రూలు, నాబులు, రబ్బరు బుష్‌లు వెతుక్కునే పద్ధతి

పాత వాల్వు రేడియోను, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాలతో (వాల్వులతో) పనిచేసే రేడియోను బాగుచేయాలని కూర్చున్నవారు మొదట వాల్వుల గురించీ, కండెన్సర్ల గురించీ దిగులు పడతారు. కండెన్సర్లు విశాఖలో డాబాగార్డెన్స్ వైపు ఎలక్ట్రానిక్ సామాను దుకాణాలలో అడిగితే దొరుకుతాయి, వాల్వులను ఊరి బయటి నుంచి తెప్పించుకోవచ్చు. పని నెలల తరబడి నిలిచిపోయేది తల ఊడిన ఒక స్క్రూ దగ్గరో, పగిలిన ఒక నాబ్ దగ్గరో. అందులోనూ విశాఖ ఉప్పుగాలిలో ఏళ్ల తరబడి ఉన్న రేడియోలో ఛాసిస్‌ను (భాగాలన్నీ బిగించి ఉండే లోపలి లోహపు పళ్లేన్ని) పెట్టెకు పట్టి ఉంచే ఇనుప స్క్రూలు తుప్పుతో బిగుసుకుపోయి, స్క్రూడ్రైవర్ పెట్టగానే గాడి చెదిరిపోతుంది. ఒక రాత్రంతా కిరోసిన్‌లో నాననిచ్చి, గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న స్క్రూడ్రైవర్‌తో తిప్పితే చాలావరకు ఊడి వస్తాయి.

ఊడి వచ్చిన స్క్రూ ఎంత పాడైనదైనా పారేయకూడదు, ఎందుకంటే కొత్తదాన్ని వెతకడానికి మన చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. ఒక అట్టముక్క మీద ఛాసిస్ బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకుంటే తరువాత తడుముకోవలసిన అవసరం ఉండదు.

ఆ తరువాత తేల్చుకోవలసినది రేడియో ఏ దేశపు కొలతలతో తయారైందన్నది. మర్ఫీ, బుష్, హెచ్.ఎం.వి. వంటి ఇంగ్లండు సంప్రదాయపు రేడియోలలో బి.ఎ. (బ్రిటిష్ అసోసియేషన్ అనే పాత ఇంగ్లండు కొలత) మరలు కనిపిస్తాయి. అమెరికా రేడియోలలో అంగుళం లెక్కన చేసిన 6-32, 8-32 మరలు (మొదటి అంకె లావు నంబరు, రెండోది అంగుళానికి చుట్లు), గ్రండిగ్, టెలిఫంకెన్ వంటి జర్మన్ రేడియోలలో మిల్లీమీటరు మరలు ఉంటాయి. అయితే మన దేశంలో బిగించిన రేడియోలలోనూ, మధ్యలో ఎవరో ఒకరు మరమ్మతు చేసిన రేడియోలలోనూ రెండు మూడు రకాలు కలిసి ఉండడం మామూలే కనుక, ముందుపలక మీది పేరు కంటె వెర్నియర్ కాలిపర్‌ను నమ్మడం మేలు.

4 బి.ఎ. స్క్రూ లావు 3.6 మిల్లీమీటర్లు, దాని మరలో ఒక్కొక్క చుట్టుకు మధ్య దూరం 0.66 మిల్లీమీటర్లు. అమెరికా 6-32 స్క్రూ లావు దాదాపు 3.5 మిల్లీమీటర్లు, చుట్ల మధ్య దూరం 0.79. హార్డ్‌వేర్ కొట్లలో దొరికే ఎం4 (మిల్లీమీటరు వరుస) స్క్రూ లావు 4, చుట్ల మధ్య దూరం 0.7. లావులో ఇంత దగ్గరగా ఉన్నవాటిని కంటితో వేరు చేయలేము కనుక చుట్లను లెక్కపెట్టాలి. మొదటి చుట్టు అంచు నుంచి పదకొండో చుట్టు అంచు వరకు కొలిస్తే 4 బి.ఎ.కు 6.6, ఎం4కు 7, 6-32కు దాదాపు 7.9 మిల్లీమీటర్లు వస్తాయి. స్క్రూ పొట్టిదై పది చుట్లు లేకపోతే, ఏ రకమో తెలిసిన మరొక స్క్రూను దాని పక్కన ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టుకోవాలి. రెండింటి పళ్లూ సందు లేకుండా ఒకదానిలో ఒకటి కూర్చుంటేనే అవి ఒకే మరవి.

కొత్త స్క్రూ వేళ్లతో తిప్పితేనే నాలుగైదు చుట్లు తేలికగా దిగాలి. రెండు చుట్లు దిగి బిగుసుకుంటే అది వేరే మర అని అర్థం. పని నేర్చుకునే రోజులలో నేను ఒక ఇంగ్లండు రేడియోలో ఇలా బిగుసుకున్న 6-32 స్క్రూను బలం పెట్టి దించాను. స్క్రూ దిగింది కాని, ఛాసిస్‌లోని మర పొడిపొడిగా రాలింది. ఆ రంధ్రానికి వెనుకనుంచి నట్టు పెట్టుకోవడం తప్ప మరొక దారి లేకపోయింది.

పూర్ణామార్కెట్ ప్రాంతపు హార్డ్‌వేర్ కొట్లకు వెళ్లేటప్పుడు అసలు స్క్రూను వెంట తీసుకువెళ్లి, "దీని నట్టులోకి దిగేది కావాలి" అని అడగండి. ఎం వరుసవి సులువుగానే దొరుకుతాయి కాని, బి.ఎ. కోసం పాత సామాను కొట్లలో వెతకవలసి ఉంటుంది. పనిచేయని పాత రేడియోనో, అదే కాలపు కొలత మీటరునో తక్కువ ధరకు కొంటే పిడికెడు బి.ఎ. స్క్రూలు, నట్లు, వాషర్లు ఒకేసారి చేతికి వస్తాయి. నా లెక్కలో అన్నిటికంటె చవకైన దారి ఇదే. ఒకటి రెండు మాత్రమే కావలసి వస్తే, గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషన్ నడిపే టర్నర్‌కు నమూనా ఇచ్చి ఇత్తడి కడ్డీ నుంచి తీయించుకోవచ్చు. దానికి ముందు అతని దగ్గర బి.ఎ. డై (కడ్డీ మీద మర కోసే పనిముట్టు) ఉన్నదో లేదో కనుక్కోండి.

లోహం విషయంలో కూడా అసలుదానినే అనుసరించాలి. కాయిళ్ల పక్కన, ఫెరైట్ కడ్డీ పక్కన ఇత్తడి స్క్రూ ఉన్నచోట ఇనుపది పెడితే కాయిల్ విలువ మారి ట్యూనింగ్ పక్కకు జరుగుతుంది. అల్యూమినియం భాగాలలో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ బిగిస్తే, మన తీరపు తేమలో అల్యూమినియమే ముందు తెల్లగా పూసి తినిపోతుంది. ఇనుప ఛాసిస్‌కు నికెల్ పూత ఉన్న ఇత్తడి స్క్రూలు బాగుంటాయి. పొడుగైన స్క్రూను కోసి సరిచేయవలసి వస్తే ఆ పనిని స్పీకరుకు దూరంగా చేయండి, ఎందుకంటే ఇనుప రజను అయస్కాంతపు సందులోకి చేరితే మళ్లీ బయటికి తీయడం బ్రహ్మప్రళయం.

నాబులకు వస్తే, ఇంగ్లండు, అమెరికా రేడియోల షాఫ్టు (నాబ్ ఎక్కే కడ్డీ) లావు పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ఇప్పుడు దొరికే వాల్యూమ్ కంట్రోళ్ల షాఫ్టు ఎక్కువగా 6 మిల్లీమీటర్లే. కంట్రోల్ మార్చిన తరువాత పాత నాబ్ వదులై ఊగడానికి కారణం ఈ 0.35 తేడాయే కాని, నాబ్ అరుగుదల కాదు. షాఫ్టు చుట్టూ టేపు చుట్టకుండా, 0.15 మిల్లీమీటర్ల ఇత్తడి రేకును ఒక వరుస గొట్టంలా చుట్టి పెడితే నాబ్ నిటారుగా కూర్చుంటుంది. నాబే పోయినప్పుడు అమ్మేవారిని ముందువైపు ఫొటోతో పాటు వెనుకవైపు ఫొటో, రంధ్రపు వ్యాసం, లోతు తప్పక అడగాలి. రంధ్రం గుండ్రంగా ఉండి గ్రబ్ స్క్రూతో (నాబ్ పక్కనుంచి షాఫ్టును నొక్కి పట్టే, తల లేని చిన్న స్క్రూతో) బిగిసేదా, ఒకవైపు చదునుగా ఉండి స్ప్రింగు పట్టుతో నిలిచేదా అన్నది వెనుకనుంచి చూస్తేనే తెలుస్తుంది.

ఆ గ్రబ్ స్క్రూ దగ్గరే ప్రాణాపాయం కూడా ఉంది. యుసిఎల్ 82, యువై 85 వంటి, "యు" అక్షరంతో మొదలయ్యే వాల్వులున్న ఏసీ-డీసీ రేడియోలలో సాధారణంగా ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్ నేరుగా కరెంటు తీగకు కలిసి ఉంటుంది. ప్లగ్గును తిరగేసి పెడితే ఛాసిస్, షాఫ్టు, గ్రబ్ స్క్రూ అన్నిటిలోనూ పూర్తి వోల్టేజీ ఉంటుంది. అందువల్ల కొత్త గ్రబ్ స్క్రూ నాబ్ అంచు కంటె లోపలికి దిగేంత పొట్టిగా ఉండాలి. దాని మీద మైనం నింపి మూసివేయాలి. పెట్టె అడుగున ఛాసిస్ బోల్టుల కింద ఉన్న ఫైబర్ వాషర్లను, వెనుక అట్టను లేకుండా వదలకూడదు. ప్లగ్గు పీకకుండా ఇవేవీ ముట్టుకోకండి.

స్టేషన్లు మార్చడానికి తిరిగే రేకుల గ్యాంగ్ కండెన్సర్ కింది రబ్బరు బుష్‌లు రాయిలా గట్టిపడితే, వాల్యూమ్ పెంచినప్పుడు స్పీకరు అదురు గ్యాంగ్ రేకులకు చేరి రేడియో ఊళ పెడుతుంది. బుష్ కూర్చునే రేకులోని రంధ్రపు వ్యాసం, ఆ రేకు మందం, బుష్ లోపలి రంధ్రం, ఈ మూడు కొలతలు రాసుకుని వెళితే మోటారు వాహనాల వైరింగు సామాను అమ్మేచోట సరిపడేవి దొరుకుతాయి.

డయల్ దారానికి కొందరు తంగూసు వాడతారు. అది నున్నగా ఉండడం వల్ల చక్రం మీద జారుతుంది, సాగుతుంది కూడా. అల్లిక దారమైతే, చేపల వేటకు వాడే సన్నని అల్లిక దారమైనా సరే, బాగా పట్టుకుంటుంది. పాతది తెగి ఉన్నా అది ఏ చక్రం మీద ఎన్ని చుట్లు తిరిగిందో విప్పకముందే ఫొటో తీసుకోండి. కొత్తది ఎక్కించాక విశాఖ ఆకాశవాణి వచ్చేచోట గ్యాంగ్‌ను ఆపి, ముల్లును దారం మీద జరిపి 927 కిలోహెర్ట్జ్ దగ్గర నిలపాలి. మీటర్లలో అంకెలున్న పాత డయల్ అయితే ఆ చోటు దాదాపు 323 దగ్గర వస్తుంది. అక్కడ ముల్లును దారానికి ఒక చుక్క గోళ్ల రంగుతో అంటించి, ఆరేవరకు నాబ్ తిప్పకుండా ఉంచండి.