ఎమర్జెన్సీ పరిశోధన చదవడం నేర్చుకుందాం - 4: తొమ్మిది శాతం అంటే ఎంతమంది?

పోయిన పాఠంలో చీటీలు తీసినట్టు రోగుల్ని రెండు గ్రూపులుగా ఎందుకు విడదీస్తారో చూశాం. ఈసారి ఆ రెండు గ్రూపుల లెక్క తేలుద్దాం. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి, ఊరికే చదివితే ఇది ఒంటబట్టదు.

మన ఉదాహరణ క్రాష్-2 అనే పరిశోధన. గాయాలై రక్తం బాగా పోతున్నవాళ్లకు ట్రనెక్సామిక్ యాసిడ్ ఎక్కిస్తే ప్రాణాలు నిలుస్తాయా అన్నది ప్రశ్న. 40 దేశాలు, 274 ఆసుపత్రులు, 20 వేలకు పైగా రోగులు. మన దేశం కూడా ఉంది. ఫలితాలు 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మందు కొత్తదేం కాదు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే డాక్టర్లు రాసే మాత్రల్లో ఉండేదే. గడ్డకట్టిన రక్తం మళ్లీ కరిగిపోకుండా ఆపుతుంది.

నాలుగు వారాల్లోపు ఆసుపత్రిలో చనిపోయినవాళ్లు:

మందు ఇచ్చిన 10,060 మందిలో 1,463.
మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ ఇచ్చిన 10,067 మందిలో 1,613.

శాతాల్లోకి మారిస్తే 14.5, 16.0. ఇప్పుడు మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. 0.91 వస్తుంది. అంటే మరణాలు 9 శాతం తగ్గాయి. పేపర్లో హెడ్డింగుకి ఎక్కేది ఇదే.

భాగించడం ఆపి, తీసివేయండి. 16.0 లోంచి 14.5 పోతే 1.5. వందమందికి మందిస్తే ఒకటిన్నర ప్రాణం. వందను 1.5తో భాగిస్తే సుమారు 67. అంటే 67 మందికి ఇస్తే ఒకరు అదనంగా బతుకుతారు.

రెండు లెక్కలూ నిజమే. కానీ మొదటిది ఒక్కటే చెబితే అసలు ప్రమాదం ఎంతో తెలియదు. వందలో ఒక్కరే చనిపోయే జబ్బులో అదే 9 శాతం తగ్గితే, ఒక ప్రాణానికి దాదాపు 1,100 మందికి మందివ్వాలి! అందుకే ఎవరైనా శాతం చెప్పగానే "ఎంతలో?" అని అడగండి. 67 అంటే ఎక్కువ అనిపించొచ్చు. ఇంత చవక మందుకి, అదీ రక్తనాళాలు మూసుకుపోయే కేసులు పెరగకుండా, అది చాలా మంచి అంకె అని నా అభిప్రాయం.

ఇక మీ వంతు. 2011లో అదే పరిశోధకులు మందు ఎప్పుడు ఇచ్చారన్నదాన్నిబట్టి విడదీసి చూశారు. రక్తం పోయి చనిపోయినవాళ్లు: గాయమైన గంటలోపు ఇస్తే మందు గ్రూపులో 5.3 శాతం, రెండో గ్రూపులో 7.7. మూడు గంటలు దాటాక ఇస్తే 4.4, 3.1. రెండింటికీ తీసివేత, భాగహారం చేయండి. రెండోదాంట్లో లెక్క తిరగబడుతుంది. కంగారుపడి కొట్టేయకండి, మీ తప్పు కాదు.

ఒక్క జాగ్రత్త. వచ్చిన అంకెను 67తో పోల్చొద్దు. అక్కడ అన్ని కారణాల మరణాలూ ఉన్నాయి, ఇక్కడ రక్తం పోయి చనిపోయినవాళ్లే. మొదట్లో నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను.

జవాబులు వచ్చే పాఠంలో. ఇలా ముక్కలు చేసి చూసిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మొచ్చో కూడా అక్కడే చూద్దాం.