పాత బుల్లెట్‌కు కిట్టు కాదు, కార్బొరేటరే మార్చాల్సి వస్తే

మిర్యాలగూడలో మా మెకానిక్ షెడ్డుకు పాత బుల్లెట్ 350 తోలుకొచ్చేవాళ్లు చాలామంది రోగం, మందు రెండూ వాళ్లే చెప్తారు. "అన్నా, స్లో నిలబడట్లేదు. కిట్టు వేసెయ్." స్లో అంటే ఎక్సలేటర్ వదిలినా ఇంజిన్ ఆగకుండా మెల్లగా తిరగడం. గాలి, పెట్రోల్ కలిపి ఇంజిన్‌కు పంపేది కార్బొరేటర్. దాని కిట్టులో వచ్చేవి జెట్లు (పెట్రోల్ పోయే సన్న రంధ్రాల ముక్కలు), సూది, ప్యాకింగులు. అరిగింది కార్బొరేటర్ బాడీ అయితే ఎన్ని కిట్లు వేసినా దండగే.

అరిగిందో లేదో వేలితోనే తెలుస్తుంది. కార్బొరేటర్ మూత విప్పి, స్లైడ్‌ను (ఎక్సలేటర్ తిప్పితే పైకి లేచి గాలిదారి తెరిచే ముక్క) దాని గూట్లోనే కిందికి దించి ముందుకీ వెనక్కీ ఊపండి. టకటకమని ఆడితే దాని పని అయిపోయినట్టే. ఇంజిన్ గాలి గుంజిన ప్రతిసారీ స్లైడ్ ఇంజిన్ వైపు గోడకు రాసుకుంటుంది. మా ఊళ్లో రైస్ మిల్లుల దుమ్ము ఎట్లాగూ ఉంది. సౌండ్ కోసం ఫిల్టర్ పీకేసిన బండైతే ఆ దుమ్మే గరుకు కాగితంలా పనిచేస్తుంది. ఆ సందులోంచి అదనపు గాలి దూరుతుంది కాబట్టి ఎక్సలేటర్ వదిలినా రేస్ వెంటనే దిగదు.

ట్యాపెట్లు (వాల్వులను తోసేవి), పాయింట్లు (ప్లగ్‌కు స్పార్క్ వచ్చేలా చేసే కాంటాక్టులు) సరిగ్గా లేకపోయినా స్లో నిలబడదు. ముందు అవి చూడండి. కార్బొరేటర్ ఇంజిన్‌కు కలిసేచోట సబ్బునీళ్లు కొద్దిగా చల్లినప్పుడు ఇంజిన్ శబ్దం మారితే, గాలి అక్కడే లీకవుతోంది. ప్యాకింగ్ మారిస్తే చాలు.

పాత 350కి కావాల్సింది మిక్‌కార్బ్ వీఎం 24. ఆ 24 అంటే గాలిదారి మిల్లీమీటర్లలో. పెద్దదైతే పికప్ పెరుగుతుందని 350కి 28 వేయించుకుంటారు కొందరు. దారి వెడల్పయితే గాలి వేగం తగ్గి, కింది గేర్లలో గుంజుడే పోతుంది. హైదరాబాద్ పుత్లీబౌలిలో కొంటే ఆ ఊపే పరీక్ష దుకాణంలోనే చేయండి. డూప్లికేట్లలో కొత్త స్లైడే ఆడుతుంది. జెట్ల మీది నంబర్లు మీ పాతవాటితో పోల్చుకోండి.

బిగించేటప్పుడు పెట్రోల్ నాబ్ కట్టేసి, దగ్గర్లో బీడీ, సిగరెట్ లేకుండా చూసుకోండి. పైపు గట్టిపడి ఉంటే అది కూడా మార్చండి. ఇప్పటి పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు. కార్బొరేటర్ కూర్చునే ముఖం మీద పాత ప్యాకింగ్ ముక్క ఒక్కటీ మిగలకూడదు. సిలికాన్ మాత్రం పూయొద్దు. పెట్రోల్‌కు అది ఉబ్బి, ముక్కలుగా ఊడి లోపలికి పోతుంది. రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించండి. ఒకవైపే బలం చూపిస్తే ఫ్లాంజ్ (నట్లు బిగించే అంచు) వంగి, కొత్తదానికీ గాలి లీకే.

స్లైడ్‌కు కింద కోసినట్టున్న అంచు ఫిల్టర్ వైపు ఉండాలి. బాడీలోని పిన్ను పొడుగు గాడిలో కూర్చోవాలి. తిప్పి పెడితే స్లైడ్ పూర్తిగా దిగదు, కిక్ కొట్టగానే ఇంజిన్ అరుస్తుంది. అందుకే స్టార్ట్ చేయకముందే ఎక్సలేటర్ తిప్పి వదిలి, స్లైడ్ టక్కున కిందికి పడుతోందా వినండి. స్టార్ట్ చేశాక హ్యాండిల్ ఎడమకూ కుడికీ తిప్పండి. రేస్ పెరిగితే కేబుల్ బిగుతుగా ఉన్నట్టు.

ట్యూనింగ్ చల్లటి ఇంజిన్ మీద చేయొద్దు, ఒక రౌండ్ తిప్పుకొచ్చాక చేయండి. ఎయిర్ స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్లు వదలండి. బిగిస్తే పెట్రోల్ పాలు పెరుగుతుంది, వదిలితే గాలి పెరుగుతుంది. కొంచెం అటూ ఇటూ తిప్పి రేస్ ఎక్కడ ఎక్కువ ఉందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో తగ్గించండి. స్లైడ్‌లోని సూదిని పట్టి ఉంచే క్లిప్‌ను సూది మీది గాళ్లలో నడిమి దాంట్లోనే ఉండనివ్వండి.

తర్వాత దామరచర్ల రోడ్డు లాంటి ఖాళీ దారిలో సగం ఎక్సలేటర్ మీద కాసేపు నడిపి, ఇంజిన్ ఆపి, ప్లగ్ చల్లారాక విప్పి చూడండి. బిస్కెట్ రంగుంటే చాలు. నల్లటి మసి ఉంటే క్లిప్‌ను ఒక గాడి పైకి పెట్టాలి, సూది కిందికి దిగి పెట్రోల్ తగ్గుతుంది. తెల్లగా ఉంటే క్లిప్ ఒక గాడి కిందికి. తెల్ల ప్లగ్‌తో మే నెల ఎండలో దూరం పోతే పిస్టన్ పట్టేస్తుంది. నల్ల ప్లగ్‌తో పోతే పెట్రోల్ ఖర్చే. ఎటూ తేల్చుకోలేకపోతే కొంచెం నలుపు వైపే ఉంచండి.