అకౌంటెంట్ కావాలా? ముందు పది బిల్లులు బల్ల మీద పెట్టండి

అనంతపురంలో డ్రిప్ పైపులు, మోటార్లు అమ్మే డీలర్ దగ్గర నేను మేనేజర్ని. అకౌంటెంట్ కావాలన్నా, పల్లెలు తిరిగే ఫీల్డ్ కుర్రాడు కావాలన్నా చూసి తీసుకునే పని నాదే. మాలాంటి చోట హెచ్‌ఆర్ అంటూ వేరే ఎవరూ ఉండరు. మీదీ అలాంటి సంస్థే అయితే ఈ పద్ధతి పనికొస్తుంది.

ప్రకటన ఇచ్చే ముందే, వచ్చే మనిషి రోజూ ఏం చేయాలో రాసుకోండి. "ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) తెలిసినవారు కావలెను" అంటే చాలదు. కొనుగోలు బిల్లులు ఎక్కించాలి, సరుకు రవాణాకు ఈ-వే బిల్లు తీయాలి, నెలనెలా 11లోపు జీఎస్టీఆర్-1కి (అమ్మకాల వివరాల రిటర్ను), 20లోపు 3బీకి (పన్ను లెక్క తేల్చి కట్టే రిటర్ను) లెక్కలు సిద్ధం చేయాలి, పాత బాకీల కోసం రైతులకు ఫోన్ చేయాలి. ఆ చివరిదే కష్టం. దాన్ని ప్రకటనలోనే చెప్పేస్తే కొందరు రారు. రాకపోవడమే మంచిది.

రెజ్యూమెల మీద నేను ఎక్కువసేపు కూర్చోను. జిరాక్స్ సెంటర్లో ఒకే ఫార్మాట్ తిరుగుతుంటుంది, అందరూ "హార్డ్ వర్కింగే". ఎక్కడ ఎన్నాళ్లు చేశారు, ఎందుకు మానేశారు, ఇంతే చూసి పిలుస్తా.

అసలు పరీక్ష బల్ల దగ్గర. పది కొనుగోలు బిల్లులు, ట్యాలీ ఉన్న కంప్యూటర్, అరగంట టైం. బిల్లుల్లో రెండు తిరకాసులు పెడతా. మొదటిది, ఒకే బిల్లు ఒరిజినల్ ఒకటి, జిరాక్స్ ఒకటి. రెండోది, బెంగళూరు నుంచి లారీలో మా గోడౌన్‌కి దిగిన పైపుల బిల్లు. అమ్మినవాళ్ల జీఎస్టీ నంబరు 29తో మొదలవుతుంది, అంటే కర్ణాటక. మాది 37, ఆంధ్రప్రదేశ్. రాష్ట్రం దాటిన సరుకు కాబట్టి ఐజీఎస్టీ పడాల్సిన చోట, ఒకే రాష్ట్రంలో అమ్మితే వేసే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేసి ఉంటుంది. అక్కడ చేయి ఆపి "సార్, ఈ బిల్లు తప్పు, పార్టీకి ఫోన్ చేయాలి కదా" అన్నవాళ్లకు మంచి మార్కులు. ఏం తప్పో చెప్పలేకపోయినా అనుమానం వచ్చి అడిగినవాళ్లకూ వేస్తా. గబగబా పదీ ఎక్కించేసి "అయిపోయింది సార్" అని నవ్వేవాళ్లతోనే నాకు టెన్షన్.

ఫీల్డ్ కుర్రాళ్లనైతే ఇలా అడుగుతా: "డ్రిప్ వేసిన కొన్నాళ్లకే నీళ్లు రావట్లేదని రైతు పదిమందిలో తిడుతున్నాడు. ఏం చేస్తావ్?" "కంపెనీకి చెప్తా" అంటే సరిపోదు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే డ్రిప్పర్ల రంధ్రాలు పూడుకుపోతాయి. ఫిల్టర్ కడుగుతున్నారా అని అడిగి, లాటరల్ (మొక్కల వరుస వెంట వేసే సన్న పైపు) చివర మూత తీసి నీళ్లు వదిలి చూస్తానన్నవాడు పొలం ఎరిగినవాడు. ఇంగ్లిష్ దంచేవాడికన్నా నాకు వాడే కావాలి.

ప్రశ్నలు ముందే రాసుకుని అందరినీ అవే అడగండి. లేకపోతే "మీది ఏ ఊరబ్బీ, ఎవరి తాలూకు" అని మొదలై, మన మండలం పిల్లాడే బాగా చెప్పినట్టు అనిపిస్తుంది. ఆడపిల్లలొస్తే "పెళ్లెప్పుడు" అని అడిగేవాళ్లను చూశాను. అది మనకెందుకు? 20వ తేదీ దగ్గరపడితే ఏడింటిదాకా ఉండగలరా, ఊరికి బస్సు దొరుకుతుందా అన్నది మగవాళ్లనూ అడగాల్సిందే.

మార్కులు మా ఓనరు ఒక చీటీ మీద, నేను ఒక చీటీ మీద వేస్తాం. చీటీలు తిప్పేదాకా నోరు తెరవం. ఆయన ముందే "కుర్రోడు బాగున్నాడబ్బా" అనేస్తే ఇంక నేను వేసే మార్కులకు విలువేముంది?

సిఫారసులు ఎటూ తప్పవు. "మా మేనల్లుడు, కాస్త చూడన్నా" అంటే కాదనను. "పంపన్నా, అందరితో పాటు బిల్లులు కొట్టాలి" అంటాను. సగం మేనల్లుళ్లు అక్కడే ఆగిపోతారు.

పాత యజమానికి ఫోన్ చేసి ఒక్కటే అడుగుతా: "మళ్లీ వస్తే పెట్టుకుంటారా?" జవాబు ఎంత ఆలస్యమైతే అంత అనుమానం. ఇప్పుడు పనిచేస్తున్న చోటికి మాత్రం వాళ్లను అడక్కుండా చేయకండి, ఉన్న ఉద్యోగం పోతుంది. పీఎఫ్ ఉన్నవాళ్లయితే ఆన్‌లైన్‌లో సర్వీస్ హిస్టరీ తెరిచి చూపించమనండి, ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో అందులో ఉంటుంది.

ఖాయమయ్యాక జీతం, చేరే తేదీ, ట్రయల్ ఎన్నాళ్లో వాట్సాప్‌లో రాసి పంపండి. కానివాళ్లకు ఆ రోజే చెప్పేయండి. రెండో స్థానంలో ఉన్న మనిషికి మాత్రం ఉన్న మాట చెప్పి వారం ఆగమనండి. బెంగళూరు నుంచి ఇంకో ఆఫర్ వచ్చిందంటే, మనం ఖాయం చేసుకున్నవాడు చేరే రోజు ఫోనే ఎత్తడు.