జర్మనీలో జీతం సగమే పడిందా, ఉత్తరాలు రావట్లేదా? ముందు పోస్టు డబ్బా మీద పేరు చూడండి

కొత్తగా వచ్చిన తెలుగువాళ్ల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: “అన్నా, మొదటి జీతం సగమే పడింది. హెచ్‌ఆర్‌ని అడిగితే టాక్స్ నంబర్ ఇవ్వలేదంటున్నారు. ఆ నంబరేమో ఇంటికి ఇంకా రాలేదు.” నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. మీ పోస్టు డబ్బా మీద ఏ పేరుంది? చాలామంది ఆ డబ్బాని ఇల్లు చేరిన రోజు చూసినదే, మళ్లీ చూసి ఉండరు.

ఇల్లు దొరికిన 2 వారాల్లో ఆన్‌మెల్డుంగ్ (చిరునామా రిజిస్ట్రేషన్) చేయించుకున్నారు, బ్యాంకు ఖాతా తెరిచారు, ఆరోగ్య బీమా తీసుకున్నారు అనుకునే రాస్తున్నాను. అన్నీ సరిగ్గా చేసినా పని ముందుకు సాగకపోతే ఎక్కడ వెతకాలో చెబుతాను.

సమస్య: మొదటి జీతం బాగా తగ్గి వచ్చింది

పేస్లిప్ తీసి పైన స్టాయర్‌క్లాస్సె (పన్ను క్లాసు) అన్నచోట చూడండి. 1 ఉండాల్సిన చోట 6 ఉంటే, మీ స్టాయర్ ఐడీ కంపెనీకి అందలేదన్నమాట. అది 11 అంకెల టాక్స్ నంబరు. అది లేకుండా జీతం వేయాల్సి వస్తే కంపెనీ అన్నిటికన్నా ఎక్కువ పన్ను పడే ఆరో క్లాసు కింద కోస్తుంది. నెలకు 4,500 యూరోల గ్రాస్ ఉన్న ఒంటరి ఉద్యోగికి ఒకటో క్లాసుతో పోలిస్తే చేతికొచ్చేది 500 యూరోలకు పైనే తగ్గుతుంది.

ఆ డబ్బు పోయినట్టు కాదు. నంబరు అందాక కంపెనీ తర్వాతి జీతాల్లో సరిచేస్తుంది. అలా జరగకపోతే టాక్స్ రిటర్న్ వేసి తెచ్చుకోవచ్చు, స్వచ్ఛందంగా వేసేవాళ్లకు 4 ఏళ్ల గడువుంది. కానీ ఈ నెల అద్దె ఈ నెలే కట్టాలి కదా. అందుకని రెండు పనులు చేయండి. పాస్‌పోర్టు, ఆన్‌మెల్డుంగ్ కాగితం పట్టుకుని మీ ఏరియా ఫినాన్స్‌ఆమ్ట్‌కి, అంటే పన్నుల ఆఫీసుకి, స్వయంగా వెళ్లండి. చాలాచోట్ల నంబరు అక్కడే రాసిస్తారు. ఫోన్‌లో మాత్రం చెప్పరు. రెండోది, హెచ్‌ఆర్‌కి మెయిల్ రాయండి: ఉద్యోగి తప్పు లేకుండా నంబరు ఆలస్యమైతే 3 నెలల వరకు అతనికి రావాల్సిన క్లాసు ప్రకారమే కోయవచ్చని ఆదాయపు పన్ను చట్టం 39సీ సెక్షన్‌లో ఉంది. సెక్షన్ నంబరు రాసి అడిగితే పని తొందరగా అవుతుంది.

అందరూ చేసేది ఇంకొకటుంది. కేంద్ర పన్నుల కార్యాలయం సైట్‌లోకి వెళ్లి “నా నంబరు మళ్లీ పంపండి” అని ఫారం నింపుతారు. వాళ్లు పంపుతారు. పోస్టులోనే, అదే చిరునామాకి, అదే పేరుతో. మొదటి ఉత్తరం ఎందుకు చేరలేదో తేల్చుకోకుండా రెండోది తెప్పిస్తే దానికీ అదే గతి. ఇంకో నెల పోతుంది.

అసలు కారణం: డబ్బా మీద ఉన్నది మీ ఇంటిపేరు కాదు

మన ఊళ్లలో కవరు మీద సగం చిరునామా ఉన్నా “ఫలానా మాస్టారి గారబ్బాయి” అంటే పోస్ట్‌మ్యాన్ ఇల్లు వెతుక్కుని వస్తాడు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో అయితే ఫ్లాట్ నంబరు చాలు. జర్మనీ అపార్ట్‌మెంట్లకు చాలావరకు ఫ్లాట్ నంబర్లే ఉండవు. చిరునామా అంటే వీధి, బిల్డింగు నంబరు, పిన్ కోడ్, ఊరు. ఆ బిల్డింగులో గోడకి వరసగా ఇరవై డబ్బాలుంటాయి. కవరు మీది పేరూ డబ్బా మీది పేరూ కలిస్తే ఉత్తరం లోపల పడుతుంది. కలవకపోతే ఈ చిరునామాలో ఈ పేరు గలవారు లేరని ముద్ర పడి వెనక్కి పోతుంది. మీకు ఆ సంగతి ఎవరూ చెప్పరు.

“పేరు అంటించానన్నా” అని అందరూ అంటారు. ఫొటో పంపమంటాను. ఒక గుంటూరు అబ్బాయి పంపిన ఫొటో ఇంకా నా ఫోన్‌లో ఉంది. జర్మన్ ఇంటి ఓనరు పేరున్న ఇత్తడి పలక, దాని కింద తెల్ల టేపు ముక్క, దాని మీద నీలం పెన్నుతో “సాయి, కిరణ్” అని ఇంగ్లిషులో రాసి ఉంది. రూమ్మేట్లు పిలుచుకునే పేర్లు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఉన్నది ఇంటిపేరు. ఆ ఇంటిపేరు కొత్తపల్లి అనుకుందాం. ప్రభుత్వం నుంచి, బ్యాంకు నుంచి, బీమా కంపెనీ నుంచి ఉత్తరాలన్నీ “హెర్ కొత్తపల్లి” (హెర్ అంటే శ్రీ) అనే వస్తాయి. కొత్తపల్లీ సాయీ ఒకరేనని పోస్ట్‌మ్యాన్‌కి తెలిసే దారి లేదు.

మనకి ఇంటిపేరు కాగితాల మీద ఉండేది, నోట్లో ఉండేది కాదు. స్కూల్లో అది ఒక్క ఇనీషియల్. అందుకే డబ్బా మీద పేరు రాయమంటే చెయ్యి తనంతట తానే పిలిచే పేరు రాస్తుంది. ఇక్కడ మాత్రం మీ పేరంటే ముందు ఇంటిపేరే.

ఇదే తప్పు మరికొన్ని రూపాల్లో వస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది భార్య పేరు. మన ఆడవాళ్లలో చాలామంది పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. భర్త పేరు డబ్బా మీద చక్కగా ఉంటుంది, ఆవిడ ఇంటిపేరు ఉండదు. ఆవిడ స్టాయర్ ఐడీ, ఫొటోతో వచ్చే ఆరోగ్య బీమా కార్డు, బ్యాంకు కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో, అన్నీ తిరుగు టపాలో పోతాయి. పిల్లలకి మీ ఇద్దరిలో ఎవరి ఇంటిపేరూ కాకుండా పాస్‌పోర్టులో వేరేది పడి ఉంటే అదీ డబ్బా మీద ఉండాలి, ఎందుకంటే పిల్లల స్టాయర్ ఐడీ కూడా వాళ్ల పేరు మీదే పోస్టులో వస్తుంది. కిండర్‌గెల్డ్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే నెలవారీ డబ్బు) దరఖాస్తులో ఆ నంబరు అడుగుతారు. దరఖాస్తు ఆలస్యమైతే వెనక్కి 6 నెలలవే ఇస్తారు, అంతకు ముందువి పోయినట్టే.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లూ ఉంటారు. వాళ్ల పేరుని ఒక ఆఫీసు ఒకలా, ఇంకోటి ఇంకోలా ఎక్కిస్తుంది. వాళ్లు పాస్‌పోర్టులో ఉన్న పేరు మొత్తం రాయాలి. ఇంకొకరి దగ్గర గది తీసుకుని ఉంటున్నవాళ్లు డబ్బా మీద పేరు పెట్టుకోవడంతో పాటు, చిరునామా ఇచ్చే ప్రతిచోటా “బై ఫలానా” (ఫలానావారి ఇంట్లో) అని అసలు అద్దెదారు ఇంటిపేరు కలపాలి. ఆన్‌మెల్డుంగ్ రోజునే ఆ మాట చెప్పి ఎక్కించుకోండి.

నాకు తగిలిన దెబ్బ వేరే రకం. నా డబ్బా మీద ఇంటిపేరు సరిగ్గానే ఉంది. కానీ ఆ బిల్డింగులో డబ్బాలు ఆరుబయట, గేటు పక్కన ఉండేవి. కాగితం మీద సిరాతో రాసి పైన పారదర్శక టేపు వేశాను. నవంబరు వానలకి పక్కనుంచి నీళ్లు దిగి అక్షరాలు అలుక్కుపోయాయి. రోజూ ఆ డబ్బా తాళం తీస్తున్నా నా కంట పడలేదు, అది నా డబ్బా అని నాకు తెలుసు కాబట్టి. పాత ఇంటి కరెంటు కంపెనీ పంపిన చివరి బిల్లు, రెండు మానుంగ్‌లు (బాకీ గుర్తుచేసే ఉత్తరాలు) నాకు అందలేదు. డెబ్బై యూరోలైనా లేని బాకీ వసూళ్ల సంస్థ చేతికి వెళ్లి మూడింతలైంది, అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ షూఫాలో నా పేరు పక్కన మచ్చ పడింది. నాకు తెలిసింది, మా ఆవిడ వచ్చే ముందు పెద్ద ఇల్లు చూసుకుంటున్నప్పుడు. మూడు ఇళ్లకు వరసగా కాదన్నారు, మూడో ఓనరు కారణం చెప్పాడు. బాకీ తీర్చేశాక కూడా ఆ మచ్చ మామూలుగా 3 ఏళ్లుంటుంది. 2025 నుంచి, 100 రోజుల్లో కట్టేసి, వేరే బాకీలేవీ లేకపోతే 18 నెలలకు తీసేస్తున్నారు. నా రోజుల్లో ఆ వెసులుబాటు లేదు.

ఎలా సరిచేయాలి: ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరి ఇంటిపేరూ, పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగ్‌తో, ప్రింటు తీసిన అక్షరాల్లో, తడవని లేబుల్ మీద వేయండి. డబ్బా మీద ఒకటి, వీధి తలుపు దగ్గర బెల్ పక్కన ఒకటి. బెల్ దగ్గరి పలక చాలాచోట్ల హౌస్‌ఫెర్‌వాల్టుంగ్ (బిల్డింగు నిర్వహణ సంస్థ) వాళ్లే మారుస్తారు. వాళ్లకి మెయిల్ పెట్టండి, వాళ్లు వచ్చేదాకా మీ లేబుల్ ఉంచండి. మునుపటి అద్దెదారు పేరు తీసేయండి.

తర్వాత పరీక్ష. 95 సెంట్ల స్టాంపు అంటించి మీకు మీరే ఒక ఉత్తరం రాసుకోండి. ఆన్‌మెల్డుంగ్ కాగితం మీద పేరూ చిరునామా ఎలా ఉన్నాయో అక్షరం పొల్లు పోకుండా అలాగే రాయండి. పంపినవారి చోట స్నేహితుడి చిరునామా పెట్టండి, చేరకపోతే అతనికి తిరిగి వెళ్తుంది, దాని మీది ముద్ర చూస్తే కారణం తెలుస్తుంది. పంపినవారి చిరునామా లేకపోతే అది మార్‌బుర్గ్‌లో ఉన్న పోస్టల్ శాఖ ఆచూకీ కేంద్రానికి పోతుంది, మీకేమీ తెలియదు. భార్య పేరు మీద ఇంకోటి వేయండి. మూడు నాలుగు పనిదినాల్లో రెండూ వచ్చాయంటే అప్పుడు పన్నుల సైట్‌లో నంబరు మళ్లీ అడగండి, బ్యాంకుకీ బీమా కంపెనీకీ ఫోన్ చేసి కార్డులు మళ్లీ పంపమనండి.

నెలల తరబడి ఉత్తరాలు తిరిగి వెళ్తూ ఉంటే, మీరు అక్కడ ఉండట్లేదని రిజిస్ట్రేషన్ ఆఫీసు తనంతట తానే మీ పేరు కొట్టేసే అవకాశం కూడా ఉంది. వీసా పొడిగింపుకి వెళ్లిన రోజు తెలిస్తే చాలా కష్టం. అనుమానం ఉంటే కొన్ని యూరోలు కట్టి కొత్త మెల్డెబెషైనిగుంగ్ (రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం) తీసుకోండి, మీ పేరు ఉందో లేదో తేలిపోతుంది.

సమస్య: ఆరోగ్య బీమా నుంచి నెలకు 1,000 యూరోలు దాటిన బిల్లు

ఉద్యోగం మానేశాక, చదువు పూర్తయ్యాక ప్రభుత్వ బీమా దానంతటదే కొనసాగుతుంది. మీ ఆదాయమెంత అని బీమా కంపెనీ ఒక ఫారం పంపుతుంది. జవాబివ్వకపోతే, అత్యధిక ఆదాయం ఉన్నట్టు లెక్కేసి గరిష్ఠ ప్రీమియం వేస్తుంది. బిల్లు చూసి భయపడి పక్కన పెట్టేయకండి. ఆదాయం లేదని, లేదా ఇంతే ఉందని బ్యాంకు స్టేట్‌మెంట్లతో రాయండి. ప్రీమియం నిర్ణయించిన 12 నెలల్లోపు రుజువులు అందితే వెనక్కి లెక్క మారుస్తారు. ఫారమే రాలేదంటే, పైన చెప్పిన డబ్బా దగ్గరికే వెళ్లి చూడండి.

సమస్య: పసుపు రంగు కవరు వచ్చింది

అది కోర్టు నుంచో ప్రభుత్వ ఆఫీసు నుంచో వచ్చింది. దాని మీద పోస్ట్‌మ్యాన్ తేదీ రాస్తాడు, డబ్బాలో వేసిన ఆ రోజునే మీకు అందినట్టు లెక్క. మీరు సంక్రాంతికి ఊరెళ్లి ఉన్నా సరే. బాకీ గురించిన కోర్టు నోటీసైతే అభ్యంతరం చెప్పడానికి 2 వారాలే గడువు, అభ్యంతర పత్రం ఆ కవర్లోనే ఉంటుంది. కవరు పారేయకండి, తేదీకి అదే రుజువు. నెల రోజులు ఇండియా వెళ్తుంటే డబ్బా తాళంచెవి నమ్మకమైన వాళ్లకిచ్చి, వారానికొకసారి ఫొటోలు పంపమనండి.

తొందరగా తేలిపోయేవి

టీవీ లేకపోయినా నెలకు 18.36 యూరోల రేడియో రుసుము అడుగుతున్నారా? ఇంటికొకటి కట్టాలి, మనిషికొకటి కాదు. రూమ్మేట్ కడుతుంటే అతని రుసుము ఖాతా నంబరు రాసి పంపితే మీ ఖాతా మూసేస్తారు.

అద్దె ఒప్పందం ఉంది, ఆన్‌మెల్డుంగ్ కావట్లేదా? ఒప్పందం చాలదు, ఓనరు సంతకం చేసిన నివాస ధ్రువీకరణ వేరే కావాలి. అది ఇవ్వనన్నవాళ్ల ఇల్లు ఎంత చవకైనా తీసుకోకండి.

కౌట్సియోన్ (ఇంటి అడ్వాన్సు) ఇంకా తిరిగి రాలేదా? ఇల్లు వదిలాక కొన్ని నెలలు పట్టడం మామూలే. 3 నెలల అద్దె, అదీ మెయింటెనెన్సు కలపకుండా, అంతకు మించి అడిగే హక్కు మాత్రం ఓనరుకి లేదు.

పోస్ట్‌మ్యాన్ దొంగిలించాడు, పన్నుల ఆఫీసు మర్చిపోయింది, ఇదే పేరుతో పక్కింట్లో ఇంకొకరున్నారు, ఇలాంటివి జరగవని అనను, కానీ అవి చాలా అరుదు. పరీక్ష ఉత్తరం చేరాక కూడా అసలువి రాకపోతేనే వాటి గురించి ఆలోచించండి.

ఇల్లు మారుతున్నప్పుడు

కొత్త డబ్బా మీద లేబుల్ సామాన్లు దించే రోజునే పెట్టండి. పాత చిరునామా నుంచి ఉత్తరాలు మళ్లించే ఏర్పాటు పోస్టల్ శాఖలో 12 నెలలకు తీసుకోండి, భార్య పేరు కూడా అందులో చేర్చారో లేదో చూసుకోండి. దాని మీదే ఆధారపడకండి. కొన్ని ఆఫీసులు తమ కవర్ల మీద మళ్లించవద్దని రాసి పంపుతాయి, అవి వెనక్కే వెళ్తాయి. అందుకని 2 వారాల్లో కొత్త చిరునామా రిజిస్టర్ చేయించి, బ్యాంకు, బీమా, కంపెనీ, కరెంటు వాళ్లకి మీరే విడిగా తెలపండి. పాత ఇంటి తాళాలిచ్చే రోజు కరెంటు మీటరు రీడింగ్ ఫొటో తీసి, చివరి బిల్లు ఈమెయిల్‌లో పంపమని ఆ కంపెనీకి రాయండి. ఆరు వారాలైనా ఆ బిల్లు రాకపోతే మీరే ఫోన్ చేసి అడగండి.