ఊరి పేర్లతో ఉచ్చారణ పరిశీలన

ఒకే అక్షరం పక్కనున్న ధ్వనిని బట్టి ఎలా మారి పలుకుతుందో తెలుసుకోవాలంటే విశాఖపట్నంలో ఉన్నవారికి ప్రయోగశాల అక్కరలేదు. బస్సుల మీద రాసి ఉండే పేర్లు చాలు. లంకెలపాలెం, పెదగంట్యాడ, పెందుర్తి, జగదాంబ, కంచరపాలెం అని కాగితం మీద రాసుకొని, ఒక్కొక్క పేరును మామూలు వేగంతో పలుకుతూ సున్న దగ్గర ఆగి, నాలుక ఎక్కడుందో గమనించండి.

లంకెలపాలెంలో నాలుక వెనుక భాగం అంగిలి వెనుక వైపు తాకుతుంది. గంట్యాడలో నాలుక కొన వెనక్కి మడుచుకుంటుంది. పెందుర్తిలో పై పళ్లను ఆనుకుంటుంది. జగదాంబలో నాలుకకు పనే లేక పెదవులు మూసుకుంటాయి. రాతలో సున్న ఒక్కటే అయినా, తరువాతి హల్లు పలికే చోటికి ముక్కు ధ్వని ముందే చేరుకుంటోందన్నమాట.

కంచరపాలెంను విడిగా పరిశీలించడం మంచిది, ఎందుకంటే అందులో చకారాన్ని కూడా చూడాలి. నా దృష్టిలో తెలుగు ఉచ్చారణలో ఇంతకంటే ఆసక్తికరమైన భాగం లేదు. ‘పంచు’ అని, వెంటనే ‘పంచి’ అని అనండి. క్రియ ఒకటే, అక్షరం ఒకటే. అయినా ఉకారం ముందు చకారం పళ్ల దగ్గర పలుకుతుంది, ఇకారం ముందు నాలుక మధ్యభాగం అంగిలి వైపు లేవడంతో కాస్త వెనక్కి జరుగుతుంది. చాప, చేపల తేడా కూడా ఇదే. గాజువాకలోని జకారాన్ని, ‘జీడి’లోని జకారాన్ని ఇలాగే పోల్చవచ్చు. పళ్ల దగ్గర పలికే ఈ రూపాలను పాత వ్యాకరణాలు, నిఘంటువులు ౘ, ౙ అని వేరుగా చూపేవి; ఆ గుర్తులు వాడుకలోంచి పోయినా తేడా మన నోట అలాగే ఉంది. అయితే ‘చంద్రుడు’, ‘జలం’ వంటి సంస్కృత పదాలలో అకారం ముందు కూడా చజలు అంగిలి దగ్గరే పలకడం పరిపాటి కనుక, పక్క అచ్చుతో పాటు పదం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాసుకోవాలి.

డకారానికి ఎండాడ ఒక్కటే చాలు: సున్న తరువాతి డకారంలో నాలుక అంగిలిని గట్టిగా నొక్కి ఆగుతుంది, రెండు అచ్చుల మధ్యనున్న డకారంలో తేలికగా తట్టి ముందుకు జారుతుంది.

ఇక పద్ధతి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పదాన్ని విడిగా చదివించుకుంటే మనిషి అక్షరాన్ని చూసి పలుకుతాడు. అందుచేత ‘పెందుర్తి బస్సు ఎక్కడ ఆగుతుందండీ?’ వంటి వాక్యంలో వినాలి, అనుమతి తీసుకొని ఫోనులో రికార్డు చేసుకోవాలి. ప్రతి పదానికీ ముందు ధ్వని, తరువాతి ధ్వని, పదంలో స్థానం అనే మూడు గడులు గీసి నింపండి. ఒక రూపం వచ్చే చోట రెండోది ఎన్నడూ రాకపోతే, ఆ రెండూ ఒకే ధ్వనికి చెందిన రూపాలని అనుకోవడానికి ఆధారం దొరికినట్టే. పలికినవారిని దిద్దకండి, దిద్దిన క్షణం నుంచి వారు మీకోసం పలకడం మొదలుపెడతారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి నగరంలో స్థిరపడినవారి మాటను వేరే కాగితం మీద నమోదు చేయండి; లేకపోతే ప్రాంతం వల్ల వచ్చిన తేడాను పక్క ధ్వని వల్ల వచ్చిన తేడాగా పొరబడే ప్రమాదం ఉంది.